మూడు వందల ఎనిమిది నాలుగులు

సిరిసిల్ల,
3 నవంబర్ 2025

మామూజాన్‌కు ఫౌజియా సలాం.

కోరుట్లలో మీరూ ముమానీ క్షేమమని తలుస్తాను. నిన్న రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ మీరే ఎత్తి, "ఉత్తరం రాయి బేటీ, ఫోన్ల చెప్పిన ముచ్చటకు తారీఖు ఉండది" అని పెట్టేశారు. అందుకే రాస్తున్నాను. ముప్పై మూడేళ్లు తెలుగు పంతులుగా చేసి మీరు రిటైరయ్యారు గానీ మీ ఎర్ర పెన్ను రిటైర్ కాలేదు. ఈ ఉత్తరానికి కూడా మార్కులు వేస్తారని తెలుసు. కాస్త చేయి వదిలి వేయండి.

అసలు సంగతి ఇది. సత్తవ్వ గారి చీరల షాపులో మెట్ల కింద కూర్చొని అయిదేళ్లుగా జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తున్నాను కదా. పూస పూసా, దారం దారం నేనే కుడతాను. అది పెళ్లికి వెళ్లాక ఎవరైనా అడిగితే మాత్రం "సత్తవ్వ షాపు వర్క్" అంటారట. సత్తవ్వ మంచిదే, ఆమెను అననుగాక అనను. కానీ ఈ ఊళ్లో నా పేరు నా రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు మామూ.

ఇప్పుడు ఒక కంపెనీ వాళ్లు ఆన్‌లైన్‌లో 'మన చేతిపని' అని పోటీ పెట్టారు. మొదటి బహుమతి బస్టాండు ఎదురుగా కట్టిన కొత్త కాంప్లెక్స్‌లో ఒక గది, ఏడాది పాటు కిరాయి లేకుండా. పైగా గెలిచిన వాళ్ల పేరుతో బోర్డు కూడా వాళ్లే రాయిస్తారు. బోర్డు మామూ! నా పేరు!

నేను వీపు మీద గునుగు పూల గుత్తి కుట్టిన జాకెట్ ఫొటో పెట్టాను. చూసిన వాళ్లు ఒకటి నుంచి అయిదు దాకా స్టార్లు వేయాలి. అందరి స్టార్ల సగటు తీసి, దాన్ని దగ్గరి అర స్టారుకు రౌండ్ చేస్తారు. సగటు 4.75 ఉన్నా చాలు, అయిదు అనే చూపిస్తారు. ఒకే స్టార్లు వచ్చిన వాళ్లలో ఎవరికి ఎక్కువ ఓట్లుంటే వాళ్లు ముందు. ఒక ఫోన్‌కు ఒకే ఓటు, వేశాక మార్చడానికి లేదు. నాకు ఇప్పటికి నలభై ఒక్క ఓట్లు. సగటు 4.8, అంటే అయిదు స్టార్లు. నాలుగో ర్యాంకులో ఉన్నాను. మన అస్లం ఒక్క స్టార్ వేశాడు. "ఒకటంటే ఫస్టు అనుకున్న అక్కా" అంటున్నాడు. సొంత తమ్ముడు కాబట్టి బతికిపోయాడు.

నా ముందున్న ముగ్గురికీ అయిదు స్టార్లే, ఓట్లు మాత్రం నాకంటే ఎక్కువ. కాబట్టి నాకు కావలసినవి ఓట్లు. మీ శిష్యులు జగిత్యాల జిల్లా నిండా ఉన్నారు. ఒక మాట చెప్పండి. అడగనిదే అమ్మయినా పెట్టదని మీరే అంటారు, అందుకే అడుగుతున్నాను. ఈ నెల 30 ఆఖరు.

మీ మేనకోడలు,
ఫౌజియా


కోరుట్ల,
7 నవంబర్ 2025

చిరంజీవి ఫౌజియాకు మామూ దువా.

నీ ఉత్తరానికి పదికి ఏడు. అక్షరం గుండ్రంగా ఉంది, విషయం సూటిగా ఉంది. తొందరపాటుకు ఒకటి, 'చేయి వదిలి వేయండి' అని పరీక్షకుణ్ణి ప్రలోభపెట్టినందుకు రెండు తీసేశాను.

బేటీ, కళకు ఓట్లేమిటి? రేపు చెరువులో నీళ్లు ఎన్ని ఉన్నాయో కూడా చేతులెత్తించి తేలుస్తారు కాబోలు. అయినా నీ పేరుతో బోర్డు అన్నావు. ఆ మాట దగ్గర ఉత్తరం కాసేపు పక్కన పెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నాను. దుమ్ము పడింది.

నేను మాత్రం ఓటు వేయను. కాకి పిల్ల కాకికి ముద్దు. మేనమామ వేసే మార్కుకు విలువ ఉండదు. ఈ విషయంలో నన్ను బలవంతం చేయవద్దు.

నిన్న పొద్దున్నే బస్సెక్కి జగిత్యాల వెళ్లాను. నా పాత శిష్యుడు ధనుంజయ్‌కు అక్కడ జిరాక్స్ షాపు ఉంది. నేను పనిచేసిన గొల్లపల్లి, పెగడపల్లి, కోరుట్ల బడుల పిల్లలందరినీ వాడు ఫోన్‌లో ఒక గ్రూపుగా కట్టి పెట్టాడు. దుబాయి, మస్కట్‌లలో ఉన్న వాళ్లు కూడా అందులో ఉన్నారట. నేను రాసిచ్చిన కాగితాన్ని ఫొటో తీసి అందరికీ పంపాడు. దాని నకలు నీ కోసం కింద రాస్తున్నాను:

"ప్రియ శిష్యులారా! నా మేనకోడలు ఫౌజియా కుట్టిన రవిక పోటీలో ఉంది. ఫొటోను పెద్దది చేసి, కుట్టు కుట్టూ చూసి, మీ అభిప్రాయం రాసి మార్కు వేయండి. నా ముఖం చూడవద్దు. నేను మీ పేపర్లు ఎలా దిద్దానో మీరూ అలాగే దిద్దండి. ఇట్లు, హబీబుద్దీన్ సార్."

చూశావా, ఎక్కడా పక్షపాతం లేదు. ధనుంజయ్ చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "సార్, గీ మాట మీరు తప్ప ఎవలు రాస్తరు సార్" అన్నాడు. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

ఆశీస్సులతో,
హబీబుద్దీన్


సిరిసిల్ల,
14 నవంబర్ 2025

మామూజాన్‌కు సలాం.

మీ శిష్యులు ఓట్లు వేశారు. మొత్తం మూడు వందల ఎనిమిది మంది. ఈ రోజు శుక్రవారం సెలవు కదా, గల్ఫ్‌లో ఉన్న వాళ్లు కూడా వేసేశారు.

మీ దయ వల్ల నాకు అరవై ఒకటి వచ్చింది.

కోరుట్ల నుంచి ముమానీ ఒక్కతే అయిదు వేసింది. ఓటేసిన వాళ్ల పేర్లలో చూశాను. ఆమెకు నా ముద్దులు చెప్పండి. మీకు ఏం చెప్పాలో తెలియక ఇంతటితో ముగిస్తున్నాను.

ఫౌజియా


కోరుట్ల,
17 నవంబర్ 2025

చిరంజీవి ఫౌజియాకు మామూ అనేక దువాలు.

అరవై ఒకటి! ఫస్ట్ క్లాస్! నేను బీఏలో యాభై ఎనిమిది దగ్గర ఆగిపోయాను. మన ఖాందాన్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్న మొదటి మనిషివి నువ్వే. మసీదు నుంచి వస్తూ దారిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పాను. పాత లెక్కల సారు శ్రీశైలం ఇంటికి పాలకోవా పట్టుకుని వెళ్లాను. అతడు కోవా తిని, "అరవై ఒకటంటే ఏం అరవై ఒకటి?" అన్నాడు. లెక్కల వాళ్లకు సంతోషపడటం చేతకాదు.

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ఆనందంలో మాటలు రాకపోవడం సహజమే కనుక మార్కులు తీయలేదు. పదికి ఎనిమిది.

నా ఇల్లాలు, నీ ముమానీ అయిదు వేసిన సంగతికి వస్తే, ఆ మార్కును నువ్వు పెద్దగా పట్టించుకోవద్దు. ఆమెకు లెక్కాపత్రం లేదు. టీవీలో వంకాయ కోసిన వాళ్లకు కూడా వాహ్వా అంటుంది. ఆడమనసు. నాలాంటి పరీక్షకుడు అటువంటి పని చేయడు.

బోర్డు మీద అక్షరాలు ఎవరితో రాయిస్తారో కనుక్కో. ముందుగా నాకు చూపించమను. ఫౌజియాలో 'జి' దగ్గర గుడి మరిచిపోతారు.

నీ మామూ


సిరిసిల్ల,
20 నవంబర్ 2025

మామూ,

ఈ ఉత్తరానికి మార్కులు వేయకండి.

అరవై ఒకటి మార్కులు కాదు, ర్యాంకు. మీ శిష్యులు రాకముందు నేను నాలుగో ర్యాంకులో ఉన్నాను. వాళ్లు వచ్చాక అరవై ఒకటో ర్యాంకుకు దిగాను. మూడు వందల ఎనిమిది మందీ నాలుగే వేశారు. ఒక్కడంటే ఒక్కడు అయిదు వేయలేదు. ఒక్కడు మూడూ వేయలేదు. ఎలా వేస్తారు? మీరు ముప్పై మూడేళ్లలో ఒక్క పేపరుకైనా పూర్తి మార్కులు వేశారా? "పదికి పది వేస్తే రేపు చేయడానికి పోరగాండ్లకు పని ఉండది" అని మీరు అనే మాట జిల్లా అంతా పాఠంలా అప్పజెప్తుంది.

ఇప్పుడు నాకు మూడు వందల యాభై ఓట్లున్నాయి. పోటీ మొత్తంలో ఇన్ని ఓట్లు ఎవరికీ లేవు. సగటు 4.1. రౌండ్ చేసి నాలుగు అని చూపిస్తున్నారు. నాలుగు స్టార్ల వాళ్లలో నేనే ఫస్టు. నా పైన అరవయ్యో ర్యాంకులో ఎవరున్నారో తెలుసా? దిండు గలీబు ఫొటో పెట్టిన గణేశ్ అనే ఆయన. ఆయనకు మూడే ఓట్లు. ఒకటి ఆయనది, ఒకటి భార్యది, ఒకటి అత్తగారిది. ముగ్గురూ తలా పది స్టార్లు వేసేవాళ్లే, అయిదు దగ్గర ఆపేశారు గానీ.

మీ వాళ్ల అభిప్రాయాలు కూడా చదవండి. దుబాయి నుంచి రాజమల్లు అట, ఇలా రాశాడు: "పూలు మస్తున్నయ్. ఎడమ భుజం మీద మూడో వరుసల ఒక్క దారం వదులుగ ఉన్నది. సార్ చెప్పినట్టు పెద్దగ చేసి చూసిన. నాలుగు." ఆ దారం మీద డెబ్బై మంది రాశారు మామూ. ఒక్క దారం మీద!

ఒక మాట చెప్తాను, కోపం చేసుకోకండి. అబ్బా పోయాక మీ ఇంట్లోనే పెరిగాను. మీరు నన్ను సొంత బిడ్డలా చూశారు, అది నేను మరిచిపోను. కానీ అయిదో తరగతి నుంచి ఈ రోజు దాకా మీ ఎర్ర పెన్ను నాకు ఏడు వేసింది, ఎనిమిది వేసింది, ఒకసారి తొమ్మిది వేసింది. పది వేస్తుందేమోనని నోటుబుక్కు పట్టుకుని మీ కుర్చీ పక్కన నిలబడేదాన్ని. ఇప్పుడు మూడు వందల ఎనిమిది మంది చేతులతో మీరే నాకు నాలుగు వేశారు అనిపిస్తోంది. చాలా ఏడ్చాను.

ముమానీది ఆడమనసు అన్నారు. మీ వైపు నుంచి ఆ ఆడమనసు ఒక్కటే నాకు పూర్తి మార్కులు వేసింది.

ఫౌజియా


కోరుట్ల,
24 నవంబర్ 2025

బేటీ ఫౌజియా,

మార్కులు వేయలేదు. వేసే ముఖం లేదు.

నీ ఉత్తరం పట్టుకుని శ్రీశైలం దగ్గరకు వెళ్లాను. అతడు కోవా సంగతి గుర్తుచేయకుండా లెక్క మాత్రమే చేశాడు, అందుకు నేను రుణపడి ఉంటాను. సగటు మళ్లీ 4.75కు రావాలంటే ఇంకా తొమ్మిది వందల పద్నాలుగు మంది ఒక్కరూ తప్పకుండా అయిదు వేయాలట. "హబీబూ, నాలుగులు ఎయ్యనీకె నీకు వారం దినాలు పట్టింది. తియ్యనీకె తొమ్మిది నూర్ల మంది కావాలె" అన్నాడు. దించడం ఇంత తేలిక, ఎత్తడం ఇంత కష్టమని ముప్పై మూడేళ్లు మార్కులు వేసిన నాకు ఒక లెక్కల పంతులు చెప్పవలసి వచ్చింది.

అయినా ఊరుకోలేదు. మళ్లీ జగిత్యాల వెళ్లాను. ధనుంజయ్ షాపు మూసి వేములవాడ మొక్కుకు వెళ్లాడట. సరేనని పక్కింటి పుష్పను బతిమాలాను. ఆమె గ్రూపు లింకు ఎక్కడో సంపాదించి, నీ ముమానీ ఫోన్ నుంచి అందులోకి ఈ మాటలు పంపించింది: "శిష్యులారా, ఇంట్లో అమ్మ, నాన్న, అక్క, చెల్లె అందరి ఫోన్ల నుంచి అయిదుకు అయిదు వేయించండి. పూర్తి మార్కులు వేయడం తప్పు కాదు. హబీబుద్దీన్ సార్."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకు తెలుసు. 'తప్పు కాదు' అన్న మాటను రెండుసార్లు కొట్టివేయించి, మూడోసారి రాయించాను. అయినా పంపాను. గల్ఫ్‌లో ఒక్కో గదిలో పది మంది ఉంటారు కదా. తొమ్మిది వందల మంది ఒక లెక్కా?

నన్ను క్షమించమని అడగను. గది గెలిచాక అడుగుతాను.

నీ మామూ


సిరిసిల్ల,
9 డిసెంబర్ 2025

మామూజాన్‌కు సలాం.

ఫలితాలు ఒకటో తారీఖున వచ్చాయి. మొదటి బహుమతి జగిత్యాలలో ఫంక్షన్ హాలు నడిపే ఏసుబాబు గారి కోడలికి. పెళ్లికి వచ్చిన వాళ్ల చేత బంతిలో కూర్చోకముందే ఓటు వేయించారట. ఆకలి మీద ఉన్నవాడు నాలుగు ఎందుకు వేస్తాడు, అయిదే వేస్తాడు. ఆమె పెట్టింది కిటికీ పరదా. మూలన మిల్లు వాళ్ల చీటీ ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది. దాన్ని పెద్దది చేసి చూసేవాళ్లు ఆమె వైపు ఎవరూ లేరు. అలాంటి వాళ్లంతా నా వైపే ఉన్నారు.

ఇక మీ రెండో సందేశం కథ. తెలియని నంబరు నుంచి 'పూర్తి మార్కులు వేయండి' అని హబీబ్ సార్ పేరుతో వచ్చేసరికి గ్రూపంతా గుప్పుమందట. ధనుంజయ్ వేములవాడ క్యూలో నిలబడే అందరినీ హెచ్చరించాడు: "జాగ్రత్త! సార్ పేరు మీద ఎవడో దొంగ మెసేజ్ పెట్టిండు. సార్ సచ్చినా గిట్లనడు. ఎవలు ఏ లింకు ఒత్తకుండ్రి." ఆ తర్వాత ముమానీ నంబరును గ్రూపులోంచి తీసేశారు. నాకు ఒక్క ఓటు కూడా పెరగలేదు. నిన్న ధనుంజయ్ ఫోన్ చేసి, "అక్కా, సార్ పరువు కాపాడినం" అన్నాడు. థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను?

గది పోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు, నిజమే రాస్తున్నాను. ఆ కాంప్లెక్స్ ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి షాపుకు వెళ్లాను.

మూడో రోజు గొల్లపల్లి నుంచి మొగిలవ్వ అని ఒక ముసలామె, పెళ్లి కుదిరిన మనవరాలిని వెంటబెట్టుకుని షాపుకు వచ్చింది. నేరుగా మెట్ల కిందికి వంగి, "ఫౌజియా అంటే నువ్వేనా?" అంది. సత్తవ్వ షాపు వర్క్ అనలేదు. నా పేరు పెట్టి అడిగింది. "మా మనుమరాలు ఫోన్ల సదివింది బిడ్డా. మూడు నూర్ల మంది కండ్లు పెట్టి తప్పులెతికితే ఒక్క దారం దొరికిందట. గట్ల కుట్టేటామె ఇంకెక్కడ దొరుకుతది? మిగతా అందరి కింద సూపర్ సూపర్ అనే ఉన్నది, నాకు నమ్మిక కుదరలే" అంది.

ఆ తర్వాత పెగడపల్లి నుంచి ఇద్దరు, జగిత్యాల నుంచి ఒకరు వచ్చారు. అందరూ ముందు ఎడమ భుజమే చూస్తున్నారు. ఆ దారం నిజంగానే వదులుగా ఉంది మామూ. సరిచేశాను.

సత్తవ్వ ఇదంతా చూసి మొన్న ఒక చిన్న రేకు బోర్డు రాయించి మెట్ల పక్కన కొట్టించింది. 'ఫౌజియా మగ్గం వర్క్' అని. "అందరు నీ పేరే అడగవట్టిరి, నా నోరు నొస్తున్నది" అంది. లోపలికి రావాలంటే ఇప్పటికీ వంగాలి. 'జి'కి గుడి ఉంది, చూసుకున్నాను.

కోపం పోయింది. ఒక్కటి మాత్రం లోపల ఉండిపోయింది. అందరూ ఏదో ఒకటి వేశారు, మీరు అసలు వేయనే లేదు. నాలుగైనా వేయాల్సింది. అడిగానని కాదు, అనిపించి రాశాను.

ఫౌజియా


కోరుట్ల,
13 డిసెంబర్ 2025

చిరంజీవి ఫౌజియాకు మామూ దువా.

నీ ఉత్తరానికి పదికి తొమ్మిది. ముసలామె మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయడం అందరికీ చేతకాదు. ఒక మార్కు ఎందుకు తీశానని అడగకు, అలవాటు.

నా పేరుతో వచ్చిన నిజమైన సందేశాన్ని నా శిష్యులే దొంగ సందేశమన్నారు. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మంచి మాట చెప్పినా నమ్మనంత గట్టిగా బతికానన్నమాట. ఇది పొగడ్తో తిట్టో శ్రీశైలాన్ని అడిగాను. "దగ్గరి అంకెకు రౌండ్ చేస్తే తిట్టే" అన్నాడు.

వచ్చే ఆదివారం సిరిసిల్ల వస్తాను. బోర్డు చూడాలి. నేను ఓటు వేయని విషయం గురించి ముందే రాశాను. మేనమామ మార్కుకు విలువ ఉండదు. అంతే.

హబీబుద్దీన్

(వెనక పక్క, వేరే దస్తూరితో)

ఫౌజీ బిడ్డా, నేను ముమానీని. నాకు తెలుగు రాయరాదు గద, పుష్పతోని రాయిస్తున్న. ఆయన నమాజుకు పోయిండు. అచ్చేలోపల కవరు అంటియ్యాలె.

గా అయిదు నేను ఏయలే బిడ్డా. నీ మొదటి ఉత్తరం అచ్చిన దినమే ఆయన నా ఫోను గుంజుకున్నడు. అద్దాలు పెట్టుకొని నీ రైకను ఇటు తిప్పి అటు తిప్పి సూశిండు. "వజీరున్నీసా, గీ పిల్ల ఏం కుట్టిందే" అనుకుంట ఏడ్శిండు. అయిదు ఒత్తిండు. ఇగ తెల్లారి సంది ఒక్కటే గోస. "నా బిడ్డ అని పూరా మార్కులేసిన, ముప్పై మూడేండ్ల నియమం మట్టిల కలిసింది" అని అన్నం ముట్టలే. గా తప్పు కడుక్కోనీకే పిల్లలకు "నా ముఖం సూడకుండ్రి" అని గట్ల గట్టిగ రాశిండు. తానొక్క అయిదేసిండు, మూడు నూర్ల మందితోని నాలుగేపిచ్చిండు. ముసలాయనకు నేనేం చెప్పుదు?

నేను చెప్పిన్నని అనకు. ఆదివారం నేను గుడ వస్త. నాకు గుడ ఒక రైక కుట్టు, పూలు తక్కువెయ్యి.


సిరిసిల్ల,
17 డిసెంబర్ 2025

మామూజాన్‌కు సలాం.

మీ 13వ తేదీ ఉత్తరాన్ని దీనితో పాటు తిప్పి పంపుతున్నాను. బజారుకు వెళ్లి ఎర్ర పెన్ను కొనుక్కొచ్చి, మొత్తం దిద్దాను.

అక్షరదోషాలు లేవు. దస్తూరి ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. 'నేను ఓటు వేయని విషయం' అన్న చోట మాత్రం కింద గీత గీశాను, చూడండి. అక్కడ ఒక అబద్ధం ఉంది. ఎలా తెలిసిందని అడగకండి, కాగితం వెనక పక్క చూడకండి.

ఆ అబద్ధానికి అర మార్కు తీశాను. పదికి తొమ్మిదిన్నర.

రౌండ్ చేస్తే పది.

మీ బిడ్డ,
ఫౌజియా